మ్యాచ్ అనగానే బిగుసుకుపోయే పిల్లలకి కోచ్ ఏం చెయ్యొచ్చు

"సార్, ప్రాక్టీస్‌లో అందర్నీ చితక్కొడతాడు, టోర్నమెంట్‌కి పోతే ఫస్ట్ రౌండ్‌లోనే ఇంటికొస్తాడు, ఏంది సార్ ఇది?" హైదరాబాద్‌లో ఏ అకాడమీ గేటు దగ్గర నిలబడ్డా ఈ మాట వినిపిస్తుంది. దానికి మనలో చాలామంది కోచ్‌లు చెప్పే జవాబు కూడా ఒక్కటే, "మెంటల్‌గా వీక్ అండీ వాడు". అంతే, అక్కడితో ఫైల్ క్లోజ్. నాకు ఈ జవాబు అస్సలు నచ్చదు. పిల్లాడి చేతులకీ కాళ్లకీ రోజూ గంటలు గంటలు పని చెప్పాం, స్కోర్ 19-19 ఉన్నప్పుడు ఎలా ఆడాలో మాత్రం నేర్పనే లేదు, పైగా చుట్టూ ఉన్న పెద్దోళ్లం తలో చెయ్యి వేసి ఆ బరువు ఇంకా పెంచాం, చివరికి వీక్ అయింది వాడా? నేను నేర్పేది బ్యాడ్మింటన్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువ అక్కడివే ఉంటాయి, క్రికెట్ వాళ్లు, స్విమ్మింగ్ వాళ్లు మీ ఆటకి తగ్గట్టు మార్చుకోండి.

ముందు టెన్షన్‌ని కనిపెట్టడం రావాలి

టెన్షన్ అంటే ఏడుపు అనుకుంటాం గానీ ఏడ్చే పిల్లలు తక్కువ. ఒకడు పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, ఒకమ్మాయి మ్యాచ్ పిలిచేలోపు వాష్‌రూమ్‌కి తిరుగుతూనే ఉంటుంది, ఇంకొకడు మామూలు రోజు నోరు విప్పనోడు ఆ రోజు అందరి మీదా జోకులేసి నవ్వుతుంటాడు. షూ టైట్‌గా ఉందని, స్ట్రింగ్ లూజ్ అయిందని, మోకాలు లాగుతోందని కొత్త కొత్త కంప్లైంట్లు వస్తాయి. ఇవన్నీ డ్రామా అని కొట్టిపారేయకండి, వాడికి కడుపులో నిజంగానే తిప్పుతుంది.

కోర్టులో అయితే గ్రిప్ చూడండి. మ్యాచ్ టైట్ అయ్యేకొద్దీ పిల్లలు రాకెట్‌ని పిసికేస్తుంటారు, వేళ్ల కణుపులు తెల్లబడి కనిపిస్తాయి. గ్రిప్ బిగుసుకుంటే మణికట్టు తిరగదు, మణికట్టు తిరగకపోతే డ్రాప్ (నెట్ దాటగానే దిగేలా మెల్లగా కొట్టే షాట్) నెట్‌లో పడుతుంది, క్లియర్ (ఎత్తుగా వెనక లైన్ దాకా కొట్టే షాట్) వెనక దాకా పోకుండా మధ్య కోర్టులోనే దిగిపోతుంది, అవతలోడు హాయిగా స్మాష్ కొట్టుకుంటాడు. మనం పక్కన కూర్చుని "లెంగ్త్! లెంగ్త్ ఎందుకు రావట్లేదు!" అని అరుస్తాం. లెంగ్త్ రావట్లేదంటే కారణం వాడి పిడికిట్లో ఉంది. దీనికి ప్రాక్టీస్‌లోనే ఒక అలవాటు చేయించొచ్చు, ర్యాలీ అయిపోగానే రాకెట్‌ని రెండో చేతిలోకి మార్చడం, ఆడే చేతి వేళ్లు రెండుసార్లు విదిలించడం, ఒక ఊపిరి నెమ్మదిగా వదలడం, అప్పుడు సర్వీస్‌కి రావడం. మూడు నాలుగు సెకన్ల పని, అంపైర్ కూడా ఏమీ అనడు. ఊపిరి దగ్గర ఒక్కటి గుర్తుంచుకోండి, పీల్చేదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి, నాలుగు లెక్కపెడుతూ పీలిస్తే ఆరు లెక్కపెడుతూ వదలాలి, గుండె వేగం దిగేది వదిలేటప్పుడే. "డీప్ బ్రెత్ తీస్కో" అని మాత్రమే చెప్తే పిల్లలు గట్టిగా పీల్చి భుజాలు పైకెత్తి ఇంకా బిగుసుకుపోతారు.

ఇంకో గుర్తు, తొందర. పాయింట్ పోగానే షటిల్ అవతలికి కొట్టేసి వెంటనే రిసీవ్ చేయడానికి నిలబడిపోతారు, ఆ పాయింట్ జరగనట్టే ఉండాలని. అలా వరసగా అయిదు పాయింట్లు పోతాయి, వాడికి లెక్క కూడా ఉండదు.

అట్లాగని టెన్షన్ మొత్తం చెడ్డది కాదు. యెర్కిస్, డాడ్సన్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1908లోనే దీని మీద పని చేశారు, వాళ్ల ప్రయోగం ఎలుకల మీద, తర్వాతోళ్లు దాన్ని మనుషులకి అన్వయించి చెప్పే మాట ఏంటంటే ఒక లెవెల్ వరకు ఉద్వేగం పనికొస్తుంది, దాటితే పని చెడుతుంది, మరీ తక్కువున్నా పని జరగదు. ఆ లెవెల్ అందరికీ ఒకటి కాదు. కొంతమందిని కొంచెం రెచ్చగొట్టాలి, కొంతమందిని పక్కన కూర్చోబెట్టి ఏదో సోది మాట్లాడాలి. మ్యాచ్‌కి ముందు ఆరుగురు పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి ఒకే స్పీచ్ దంచితే అందులో ఇద్దరికి పనికొస్తుంది, మిగతా నలుగురికి చేటు.

"భయపడకు" అనే మాట మానేద్దాం

"టెన్షన్ పడకు", "భయపడకు", "ఈజీ మ్యాచ్ రా ఇది". ఈ మూడూ వినడానికి ధైర్యం చెప్పినట్టే ఉంటాయి గానీ పిల్లాడికి చేసేందుకు పని ఏదీ ఇవ్వవు. ఈజీ మ్యాచ్ అనేది మరీ ఘోరం, గెలిస్తే గొప్పేం లేదు, ఓడితే పరువు పోయింది, ఇంక వాడికి మిగిలేదేంటి? దాని బదులు చేయగలిగే పని ఒక్కటి చెప్పండి. "ఫస్ట్ మూడు ర్యాలీలు అన్నీ వెనక్కే కొట్టు నాన్నా, పాయింట్ వచ్చినా పోయినా సరే." వాడి బుర్ర స్కోర్ మీద నుంచి షటిల్ మీదికి వస్తుంది.

మ్యాచ్ రోజు టెక్నిక్ సరిచేయడం ఇంకో పెద్ద జబ్బు మనకి. ఏళ్లపాటు కొట్టి కొట్టి ఆలోచించకుండా వచ్చేసే షాట్‌ని, ప్రెషర్‌లో ఉన్నోడు మళ్లీ ఆలోచించి కొట్టడం మొదలుపెడతాడు, మోచెయ్యి ఎక్కడుంది, కాలు ఎక్కడ పడింది అని, దాంతో ఉన్న షాట్ కూడా పోతుంది. చేతిలోకొచ్చిన ఆట సరిగ్గా కావాల్సినప్పుడు చేజారడానికి ఒక ముఖ్య కారణం ఇదేనని స్పోర్ట్స్ సైకాలజీ వాళ్లు చెప్తారు. అలాంటప్పుడు మనం పక్కనుంచి "ఎల్బో పైకి! ఎల్బో!" అని అరిస్తే నిప్పులో కిరసనాయిలు పోసినట్టే. ఎల్బో సంగతి సోమవారం చూస్కోవచ్చు.

21 పాయింట్ల గేమ్‌లో 11 దగ్గర 60 సెకన్ల బ్రేక్ ఉంటుంది, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య 120 సెకన్లు. ఈ 60 సెకన్లలో మన కోచ్‌లు చెప్పే పాయింట్లు వింటే తల తిరుగుతుంది, సర్వీస్, రిటర్న్, ఫుట్‌వర్క్, అవతలోడి బ్యాక్‌హ్యాండ్, నిన్న చెప్పింది, మొన్న చెప్పింది అన్నీ. పిల్ల తలూపుతూ ఉంటుంది, ఒక్కటీ ఎక్కదు. ఇలా చేసి చూడండి. మొదటి ఇరవై సెకన్లు నోరు మూసుకోండి, నీళ్లు తాగనివ్వండి, టవల్ తీసుకోనివ్వండి, ఊపిరి దిగనివ్వండి. తర్వాత ఒక ప్రశ్న, "అవతల అమ్మాయి ఎక్కడ ఇబ్బంది పడుతోంది బిడ్డా?" జవాబు రాకపోయినా పర్లేదు, ఆ అమ్మాయి తన తప్పుల లెక్క వదిలేసి అవతలి కోర్టు వైపు చూసింది కదా, మనకి కావాల్సింది అదే. చివర్లో ఒక్కటంటే ఒక్క మాట చెప్పి పంపండి. మీ దగ్గర ఇంకో నాలుగు మంచి పాయింట్లు ఉన్నా సరే, మింగేయండి.

మొహం సంగతి కూడా చెప్పాలి. పాయింట్ పోగానే పిల్లలు మొదట చూసేది కోచ్ మొహమే. మనం తల పట్టుకోవడం, పక్కనోడి వైపు తిరిగి పెదవి విరవడం, ఫోన్ తీసి చూసుకోవడం అన్నీ వాళ్లకి కనిపిస్తాయి. 5-0 లీడ్‌లో ఉన్నప్పుడూ 0-5 వెనకబడ్డప్పుడూ ఒకేలా కూర్చోవడం కోచింగ్‌లో నిజంగా కష్టమైన స్కిల్, ఎవరినైనా వీడియో తీయమని చెప్పి మ్యాచ్ బదులు మిమ్మల్ని మీరు చూసుకోండి, సిగ్గేస్తుంది గానీ పనికొస్తుంది.

ప్రెషర్‌ని ప్రాక్టీస్‌లోకి తీసుకురావడం

ఇది అసలు మందు నా లెక్కలో. శనివారం గేమ్స్ ఆడించేటప్పుడు 0-0 నుంచి మొదలుపెట్టకండి, 18-18 నుంచి పెట్టండి. లేదా మీ బెస్ట్ ప్లేయర్‌ని 15-19 వెనక నుంచి ఆడించండి. చిన్న గేమ్, అయిదు నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క గంటలో పిల్లాడు చాలాసార్లు టైట్ ఫినిష్ చూస్తాడు, ఏడాది మొత్తం టోర్నమెంట్లు తిరిగినా అన్ని చూడడు. మిగతా పిల్లల్ని చుట్టూ నిలబెట్టి గోల చేయించండి. లైన్ కాల్స్ (షటిల్ లోపల పడిందా బయట పడిందా అని చెప్పేవి) అప్పుడప్పుడు కావాలనే తప్పు చెప్పండి, కానీ "ఈ రోజు కొన్ని కాల్స్ తప్పొస్తాయి, ఎవరు త్వరగా మర్చిపోతారో చూద్దాం" అని ముందే చెప్పాలి, చెప్పకుండా చేస్తే మీ మీద నమ్మకం పోతుంది. ఓడినోడికి పనిష్మెంట్ మాత్రం వద్దు, షటిల్స్ ఏరడం లాంటి చిన్నది చాలు. ఓడినందుకు గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు, దాంతో పిల్లాడికి పరుగు అంటేనే శిక్ష అని పడిపోతుంది. చెయ్యి చేసుకునే వాళ్ల గురించి చెప్పడానికేం లేదు, వాళ్ల దగ్గర నుంచి పిల్లల్ని తీసేయండి.

వెయిటింగ్‌ని కూడా ప్రాక్టీస్ చేయించాలి. మన లోకల్ టోర్నమెంట్ ఎట్లుంటుందో తెలుసు కదా, రిపోర్టింగ్ పొద్దున ఎనిమిదికి అంటారు, మ్యాచ్ మధ్యాహ్నం రెండున్నరకి పడుతుంది, షటిల్ గాలికి పోతుందని ఇండోర్ హాల్లో ఫ్యాన్లు ఆపేస్తారు, లోపల ఉడికిపోతుంటుంది, డ్రా షీట్ దగ్గర తోపులాట, మైక్‌లో పేరు సరిగ్గా వినపడదు, ఈలోగా పిల్లాడు సమోసా తినేసి మెట్ల మీద నిద్రపోతుంటాడు. అప్పుడు సడెన్‌గా పేరు పిలుస్తారు. ఈ పిల్లాడికి నెర్వస్ అవ్వడం కంటే ముందు ఒళ్లు చల్లబడిపోయింది, కడుపు బరువెక్కింది. అందుకని ప్రాక్టీస్‌లో అప్పుడప్పుడు గంట సేపు కూర్చోబెట్టి, పది నిమిషాల వార్మప్ ఇచ్చి, నేరుగా గేమ్‌లోకి పంపండి. టోర్నమెంట్ రోజు బ్యాగులో ఏముండాలో కూడా రాసివ్వండి, అరటిపండ్లు, పెరుగన్నం, నీళ్లు, ఒక స్కిప్పింగ్ తాడు. బిర్యానీ మ్యాచ్ అయ్యాక.

క్రికెట్ వాళ్లకి ఇది ఇంకా ఎక్కువ పనికొస్తుంది. సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్‌లో సెలెక్షన్స్ జరిగేటప్పుడు చూడండి, కిట్ బ్యాగులేసుకుని లైన్లు కట్టిన పిల్లలు, ఎండలో గంటల తరబడి నిలబడితే నెట్‌లో దొరికేది గుప్పెడు బంతులు. రోజూ అరగంట బ్యాటింగ్ చేసేవాడికి ఆ గుప్పెడు బంతులు చాలవు, రెండు బాల్స్ బీట్ అయ్యేసరికి అయిపోయింది అనుకుంటాడు. అందుకే వారంలో ఒక రోజు "ఆరు బాల్సే" అని పెట్టండి, ప్యాడ్లు కట్టుకుని కూర్చోవాలి, పిలిచినప్పుడు రావాలి, ఆరు ఆడాలి, పోవాలి, ఇంకో ఛాన్స్ లేదు. మొదట్లో పిల్లలు లొల్లి చేస్తారు, కొన్ని వారాలకి అదే వాళ్లకి ఇష్టమైన సెషన్ అవుతుంది.

గోపీ సార్ ఫోన్ లాక్కున్నారు కదా అంటారు

ఈ ఊర్లో కోచింగ్ గురించి ఏం మాట్లాడినా చివరికి గచ్చిబౌలిలో గోపీచంద్ సార్ అకాడమీ దగ్గరికే వస్తుంది. 2016 రియో ఒలింపిక్స్‌కి ముందు పీవీ సింధు దగ్గర మూడు నెలలు ఫోన్ లేదని, ఐస్‌క్రీమ్ కూడా ఆపేశారని గోపీచంద్ సారే చెప్పారు. మ్యాచ్‌లో దూకుడు రావాలని కోర్టు మధ్యలో నిలబడి అందరి ముందూ అరవమన్నారని సింధు కూడా చెప్పింది. ఇప్పుడు ప్రతి గల్లీలో కోచ్ పదకొండేళ్ల పిల్లల ఫోన్లు లాక్కుని, అందరి ముందు నిలబెట్టి అరవమంటున్నాడు. సింధుకి అప్పటికి 21 ఏళ్లు, ఏళ్ల నుంచీ అదే సార్ దగ్గర నేర్చుకుంటోంది, ఎదురుగా ఒలింపిక్స్ ఉంది. మీ బ్యాచ్‌లో చేరి రెండు నెలలైన సిగ్గరి పిల్లని అట్లా నిలబెడితే దూకుడు రాదు, మర్నాటి నుంచి క్లాసుకి రాదు. అదే పని చేయించాలంటే ముందు ఇద్దరి మధ్య, తర్వాత గ్రూప్‌లో, అందరూ కలిసి అరిచే గేమ్‌లా పెట్టొచ్చు.

సింధు కథలో మనం నిజంగా తీసుకోవాల్సింది తర్వాత జరిగింది. రియో ఫైనల్ ఓడింది, 2017 వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ జపాన్ ప్లేయర్ ఒకుహారా మీద ఓడింది, 2018లో అదే టోర్నీ ఫైనల్ మారిన్ మీద ఓడింది, ఆ ఏడే ఏషియన్ గేమ్స్ ఫైనల్ కూడా పోయింది. ఫైనల్స్ ఫోబియా అని రాయని పేపర్ లేదు. 2019 ఆగస్టులో బాసెల్‌లో అదే ఒకుహారాని 21-7, 21-7తో కొట్టి వరల్డ్ ఛాంపియన్ అయింది. మరి మనం పన్నెండేళ్లోడు రెండు సెమీస్ ఓడగానే "వీడు సెమీస్ ప్లేయర్" అని పేరు పెట్టేస్తాం, అదీ వాడికి వినపడేలా. మనం పెట్టిన పేరు వాడు మోస్తూ కోర్టులోకి దిగుతాడు.

పేరెంట్స్‌తో ఎట్లా మాట్లాడాలి

సీజన్ మొదట్లోనే ఒక మీటింగ్ పెట్టండి, ఓడిపోయిన రోజు గేటు దగ్గర క్లాస్ పీకితే ఎవరూ వినరు. స్టాండ్స్‌లోంచి సైగలు చేయొద్దు, ప్రతి పాయింట్‌కీ "అరె!" అనొద్దు, వీడియో తీసుకోండి కానీ అదే రోజు పిల్లలకి చూపించొద్దు. వీటన్నిటికంటే ముఖ్యం బండి మీద పోస్ట్‌మార్టం. యూసుఫ్‌గూడ నుంచి ఎల్బీ నగర్ దాకా ట్రాఫిక్‌లో, వెనక రాకెట్ బ్యాగుతో కూర్చున్న పిల్లకి తప్పించుకునే దారి ఉండదు, ముందున్న నాన్న ప్రతి సిగ్నల్ దగ్గర తల వెనక్కి తిప్పి ఒక్కో పాయింట్ గురించి అడుగుతుంటాడు. ఒక నాన్న నన్నడిగారు, "మరి ఏం మాట్లాడాలె సార్, ఉత్తగ ఎట్ల ఉంటం?" "ఏం తింటావ్ అని అడగండన్నా, మ్యాచ్ సంగతి ఆమెనే తీస్తే అప్పుడు వినండి" అన్నాను. ఆయనకి అంత నచ్చలేదు. తర్వాత ఆ అమ్మాయే ఇంటి దగ్గర మ్యాచ్ గురించి తనంతట తను మాట్లాడుతోందని వచ్చి చెప్పారు.

డబ్బు సంగతి సున్నితం. కోచింగ్ ఫీజు, షూలు, స్ట్రింగింగ్, బయటూరి టోర్నమెంట్లకి ట్రైన్ ఛార్జీలు, మిడిల్ క్లాస్ ఇంటికి నిజంగా భారమే. కానీ "నీ కోసం లోన్ తీసుకున్నాం" అనే మాట విన్న పిల్లకి ఆ తర్వాత ప్రతి అన్‌ఫోర్స్‌డ్ ఎర్రర్ (తనంతట తను చేసిన తప్పు) ఒక ఈఎంఐలా కనిపిస్తుంది. ఖర్చు ఎంతవరకు పెట్టగలరో పెద్దవాళ్లు వేరేగా కూర్చుని తేల్చుకోవాలి, మనతో కూడా ఓపెన్‌గా చెప్పుకోవచ్చు.

ఇక్కడ మన వైపు కూడా చూసుకోవాలి. గేటు మీద ఫ్లెక్సీ ఎవరిది? మెడల్ తెచ్చినోళ్లదే. వచ్చే ఏడు అడ్మిషన్లు ఆ ఫ్లెక్సీ మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి కోచ్‌కి కూడా గుండె దడ ఉంటుంది, ఆ దడే చివరికి పిల్లాడి మీద పడుతుంది. నేను చెప్పేది ఫ్లెక్సీ తీసేయమని కాదు, రోజూ అందరికంటే ముందొచ్చి నెట్ కట్టే తొమ్మిదో క్లాసు పిల్లాడి పేరు కూడా బోర్డు మీద ఎక్కడో ఒక చోట ఉండాలి అని.

నిద్ర, చదువు

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మన పిల్లాడు నాలుగున్నరకి లేచి అయిదింటికి ప్రాక్టీస్, తర్వాత స్కూలు, సాయంత్రం మళ్లీ ప్రాక్టీస్, రాత్రి ట్యూషన్, పడుకునేసరికి పదకొండు. వీడికి ఎన్ని బ్రీతింగ్ ఎక్సర్‌సైజులు నేర్పినా ఏం లాభం. వారంలో ఒక రోజు పూర్తిగా సెలవు ఇవ్వండి. టెన్త్, ఇంటర్ పరీక్షలు, ఎప్‌సెట్ ఎప్పుడున్నాయో క్యాలెండర్‌లో ముందే రాసుకుని, ఆ వారాల్లో ప్రాక్టీస్ మీరే తగ్గించండి, పిల్లలు వచ్చి బతిమాలుకునే దాకా ఉండకండి. అలాగే పదమూడు పద్నాలుగేళ్లకి ఒక్కసారిగా పొడుగైన పిల్లలకి టైమింగ్ పోతుంది, కాళ్లు తడబడతాయి, ఆట పోయిందని బెంగ పెట్టుకుంటారు. ఎత్తు పెరిగితే ఇలా అవుతుంది, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది అని ఒక్క ముక్క చెప్తే ఆ బెంగ సగం దిగుతుంది.

మన చేతిలో లేనివి

రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, సోపతిగాళ్లతో కూడా మాట్లాడకపోవడం, ఇష్టమైన ఆట అంటేనే విసుగు, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాటలు, ఇవి కనిపిస్తే మోటివేషన్ వీడియోలు పంపకండి. ఇంట్లో వాళ్లతో మాట్లాడి డాక్టర్ దగ్గరికి పంపండి, ఆ చివరి మాట లాంటిది వింటే రెండు వారాల దాకా ఆగొద్దు, అదే రోజు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఫ్రీ, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల మీద ఎవరైనా దౌర్జన్యం చేస్తున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఆ రెండు నంబర్లూ నోటీస్ బోర్డు మీద పెద్దగా రాసి పెట్టండి. పిల్లలతో విడిగా మాట్లాడాల్సి వస్తే తలుపేసిన రూమ్‌లో వద్దు, నలుగురికీ కనపడేలా, మాట మాత్రం వినపడకుండా కోర్టు పక్క బెంచీ మీద కూర్చోండి.

కొన్ని రోజులు ఆట ఆపుతానంటే ఆపనివ్వండి. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్స్ టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది, గాల్లో తిరిగేటప్పుడు తన ఒళ్లు ఎటుందో తనకే అంతుపట్టని స్థితి, అట్లాగే కొనసాగితే మెడ విరిగే ప్రమాదం. ఎన్ని మాటలన్నారో. 2024 పారిస్‌లో మూడు గోల్డ్ మెడల్స్ గెలిచింది. మన పిల్లలందరూ బైల్స్ అవుతారని కాదు, ఆగితే అంతా అయిపోయింది అనే భయం అక్కర్లేదని.

ఓడిపోయాక, లిస్ట్ వచ్చాక

ఓడిన సాయంత్రం రివ్యూ పెట్టకండి. తర్వాతి ప్రాక్టీస్‌లో నోట్‌బుక్ ఇచ్చి ముందు వాళ్లనే రాయమనండి, ఏం బాగా కొట్టారు, ఎక్కడ తొందరపడ్డారు, ఈ వారం ఏ ఒక్కటి మార్చాలి. అది చదివాకే మీరు నోరు తెరవండి, ముప్పాతిక వంతు వాళ్లే రాసేసి ఉంటారు. గెలిచిన వారం కూడా అదే నోట్‌బుక్, అవే ప్రశ్నలు.

సెలెక్షన్ లిస్ట్ విషయంలో మాత్రం చాలా అకాడమీలు దారుణంగా ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూప్‌లో ఒక ఫోటో పడేస్తారు, కింద వరసగా కంగ్రాట్స్‌లు, చప్పట్లు, పేరు లేని పిల్లాడు దుప్పట్లో దూరి ఆ మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటే చదువుతాడు. లిస్ట్ పెట్టే ముందు పేరు లేని వాళ్లకి మీరే ఫోన్ చెయ్యండి, నలుగురో అయిదుగురో ఉంటారు, అరగంట పని. ఎక్కువ ఓదార్చకండి, "నీ పేరు ఈసారి లేదు నాన్నా, బ్యాక్‌హ్యాండ్ వైపు ఇంకొంచెం పని ఉంది, మనం చేద్దాం" అని కారణం సూటిగా చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి, ఎదురు ప్రశ్నలు అడిగితే జవాబివ్వండి, సోమవారం ప్రాక్టీస్ ఎన్నింటికో చెప్పి పెట్టేయండి.